తోకచుక్క - మంగళయానము
(శంషాబాదు పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, బడులు, మంచినీరు, పన్నులు - వీటిని గూర్చి మాటలాడుకొనవలసిన సభలో తోకచుక్క ప్రసక్తి ఏల యని మీలో కొందరికి తోచవచ్చును. శంషాబాదు చుట్టుపట్ల నివసించు మీకు ఆకాశపు వింతలు క్రొత్త కావు. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన ఇచ్చటి అంతర్జాతీయ విమానాశ్రయము పని ప్రారంభించిన నాటినుండి రాత్రింబవళ్ళు మీ ఇండ్ల మీదుగా విమానములు వచ్చుచు పోవుచు ఉన్నవి. రాత్రివేళ పొలమునకు నీరు పెట్టబోయిన రైతు తల యెత్తి చూచినచో ఏదో యొక దీపము కదలుచునే యుండును. వాటి నడుమ ఎన్నడును చూడని వెలుగు ఒకటి కనబడినపుడు అది ఏమి యని ఊరివారు ఎవరిని అడుగుదురు? చేతిలోని ఫోను ఒక మాట చెప్పును. రచ్చబండ మరియొక మాట చెప్పును. ఆ వేళ నిదానించి నిజము చెప్పగలవారు ఊరిలో ఒక్కరైనను ఉండవలెను. ఆ ఒక్కరు పంచాయతీ సభ్యులైనచో ఊరికి మిక్కిలి మేలు.

అందుచే నేడు మేము ఒక నిజమైన కథను మీ ముందు ఉంచదలచితిమి. 2014వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీ అర్ధరాత్రి సమయమున ఒక తోకచుక్క అంగారక గ్రహమునకు అతి సమీపముగ దూసికొని పోయెను. అంగారకుని చుట్టును అప్పుడే తిరుగ నారంభించిన మన మంగళయానము ఆ అపాయమునుండి ఎట్లు తప్పించుకొనెను, గ్రహముల నడుమ తిరుగు నౌకలు ఆ తోకచుక్కను ఎట్లు ఫొటో తీసినవి, అందువలన మనము నేర్చుకొనదగినది ఏమి - ఇదియే నేటి మా ప్రసంగ విషయము.

తోకచుక్క యన నేమి?

మన పెద్దలు తోకచుక్కను ధూమకేతువనిరి. పొగను పోలిన తోక గలది కావున ఆ పేరు వచ్చినది. ఆరవ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతుచారమను అధ్యాయమునే వ్రాసెను. చెప్పకుండ వచ్చి, కొన్ని వారములు కనబడి, చెప్పకుండ వెడలిపోవు వస్తువు గనుక నాటివారు దీనిని రాజులకు, ప్రజలకు కీడు సూచించు గురుతుగ నెంచిరి. మన దేశమందే గాక చైనాలోను, ఐరోపాలోను జనులు ఇట్లే తలచియుండిరి.

నేడు మనకు తెలిసిన సంగతి ఇది. తోకచుక్క యనగా మంచు, ధూళి, రాతిరజను కలిసిన యొక గడ్డ. అది సాధారణముగ కొన్ని కిలోమీటర్ల వెడల్పు మాత్రమే యుండును. సూర్యునికి దూరముగ నున్నంతకాలము అది చీకటిలో గడ్డకట్టి తిరుగుచుండును. సూర్యుని సమీపించిన కొలది వేడికి దానిలోని మంచు ఆవిరి యగును. ఆవిరితోబాటు ధూళియు పైకి లేచి, గడ్డ చుట్టును మేఘమువలె క్రమ్ముకొనును. సూర్యకాంతి యొత్తిడియు, సూర్యునినుండి వెలువడు విద్యుత్కణముల గాలియు ఆ మేఘమును వెనుకకు నెట్టుటచే తోక యేర్పడును. కావుననే తోకచుక్క ఏ దిక్కునకు పోవుచున్నను, తోక మాత్రము సూర్యునికి పెడదిక్కుననే యుండును.

విమానములు తిరుగు ఈ ప్రాంతమున గుర్తింపవలసిన భేదములను కూడ చెప్పుదుము. విమానము ఎఱ్ఱని, పచ్చని దీపములతో మిణుకుచు కొలది నిమిషములలో దాటిపోవును. ఉపగ్రహము మిణుకక, కదలు నక్షత్రమువలె నిలుకడగ సాగి కొన్ని నిమిషములలో మరుగగును. ఉల్క రెప్పపాటులో ఒక గీత గీచి మాయమగును. సాయంకాలమున పడమట తెల్లని పొడుగుపాటి చార కనబడినచో, అది ఎంతయో ఎత్తున పోవు విమానము విడిచిన చార కావచ్చును. కొంతసేపటికి అది చెదరిపోవును. తోకచుక్క ఇట్లు పరుగెత్తదు. అది నక్షత్రములతోబాటు ఉదయించి, వాటితోబాటే అస్తమించును. దినదినమునకు కొంచెము కొంచెముగ స్థానము మార్చుచు, కొన్ని దినములో కొన్ని వారములో కనబడును. అయిదు నిమిషములు ఓపికతో నిలబడి చూచినవానికి సందేహము తీరిపోవును.

భయము వలన కలిగిన నష్టము

తోకచుక్క రాకను లెక్కకట్టి చెప్పవచ్చునని మొదట నిరూపించినవాడు ఇంగ్లండు దేశీయుడగు ఎడ్మండు హేలీ. 1531, 1607, 1682 సంవత్సరములలో కనబడినది ఒకే తోకచుక్కయని, అది 1758లో మరల వచ్చునని 1705లో ఆయన ప్రకటించెను. ఆయన 1742లో మరణించెను. తోకచుక్క మాత్రము మాట తప్పక 1758 డిసెంబరులో కనబడెను. ఆనాటినుండి దానికి ఆయన పేరే నిలిచినది.

ఐనను జనుల భయము వెంటనే తొలగలేదు. 1910 మే నెలలో ఆ హేలీ తోకచుక్క మరల వచ్చినపుడు భూమి దాని తోకలోనుండి పోవునని, తోకలో విషవాయువు గలదని వార్తలు వచ్చెను. పాశ్చాత్య దేశములలో కొందరు వర్తకులు తోకచుక్క మాత్రలని చెప్పి అమ్ముకొని లాభము గడించిరి. ఎవరికిని ఏ హానియు కలుగలేదు. తోక అంత పలుచనైనది. అందలి వాయువు మన గాలిని తాకజాలదు. అదే తోకచుక్క 1986లో వచ్చి పోయినది; తిరిగి 2061లో వచ్చును.

మన తెలుగు పల్లెలలో ఇంతకన్న దగ్గరి ఉదాహరణ గలదు. 1979లో అమెరికావారి స్కైలాబు అను అంతరిక్ష కేంద్రము భూమిపై పడనున్నదని వార్త వచ్చెను. అది తోకచుక్క కాకపోయినను భయము మాత్రము ఒక్కటే. లోకమే అంతరించునని నమ్మి, ఉన్న మేకలను కోళ్ళను కోసికొని తినినవారిని, పశువులను అయినకాడికి అమ్ముకొనినవారిని గూర్చి వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. జూలై 11వ తేదీన స్కైలాబు శకలములు హిందూ మహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడినవి. మన ఊళ్ళలో ఒక్క పూరిపాక కూడ చెడలేదు. కాని వదంతిని నమ్మి కాడెద్దులను అమ్ముకొన్న రైతునకు మరునాడు దుక్కి దున్నుటకు ఎద్దులు లేకపోయెను. ఆకాశము చేయని నష్టమును పుకారు చేసినది. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని మరువరాదు.

హైదరాబాదునకు, తోకచుక్కలకు గల సంబంధము

తోకచుక్కల శాస్త్రము ఎక్కడనో పరదేశమున పుట్టి పెరిగినదని తలపవలదు. హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల 1908లో నిజాము ప్రభుత్వము క్రిందికి వచ్చి, బేగంపేటలో వెలసినది. లోకమునందలి వేధశాలలన్నియు కలిసి ఆకాశపటమును సిద్ధపరచ పూనినపుడు, ఈ వేధశాల తన వంతు ఆకాశభాగమును ఫొటో పలకలపై చిత్రించి నక్షత్ర పట్టికలను ప్రకటించినది.

ఆ వేధశాల ఉద్యోగి యొకరి కుమారుడే మనాలి కల్లాట్ వైణు బప్పు. హైదరాబాదులో పెరిగి, హైదరాబాదు ప్రభుత్వము వారి విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. 1949 జూలై 2వ తేదీ రాత్రి తీసిన ఫొటో పలకపై ఆయన ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. ఆచార్య బార్టు బాకు, సహవిద్యార్థి గోర్డను న్యూకర్కు దానిని ధ్రువపరచుటలో తోడ్పడిరి. అందువలన దానికి బప్పు-బాకు-న్యూకర్కు తోకచుక్కయని పేరు వచ్చినది. తోకచుక్కను కనుగొనినవారికి పసిఫిక్ ఖగోళ సంఘమువారు ఇచ్చు పతకము ఆయనకు లభించెను. ఆనాడు ఆయన వయస్సు ఇరువదిరెండు సంవత్సరములైనను నిండలేదు.

కాలక్రమమున బేగంపేట చుట్టును నగరము పెరిగెను. విమానాశ్రయమును అచ్చటనే యుండెను. వీధిదీపముల కాంతి ఆకాశమును క్రమ్ముకొనుటచే మసకనైన నక్షత్రములను చూచుట దుస్తరమయ్యెను. అందుచే ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు నగరమునకు దూరముగ, మన రంగారెడ్డి జిల్లాలో నేడు మంచాల మండలమునందున్న జాపాల, రంగాపూరు గ్రామముల కడ క్రొత్త వేధశాలను నెలకొల్పి, 1968లో 48 అంగుళముల దూరదర్శినిని అమర్చిరి. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చటనుండి పరిశీలించిరి. ఒక నగరపు వెలుగు వేధశాలను ఊరు మార్చినది. ఈ మాట మరల చివరలో మనకు అవసరమగును.

మంగళయానము

2013 నవంబరు 5వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 38 నిమిషములకు మన తెలుగు తీరమున గల శ్రీహరికోటనుండి ఒక రాకెట్టు మంగళయానమును మోసికొని ఎగిరెను. ఇట్టి రాకెట్లకు వలసిన ప్రత్యేకమైన ఉక్కులను, టైటానియము మిశ్రమములను తయారుచేయు మిశ్రధాతు నిగమము ఇచ్చటికి దూరము కాని కంచన్‌బాగులోనే గలదు. నౌక బరువు 1,337 కిలోలు. అందు సగమునకు మించి ఇంధనమే. దానిలో అమర్చిన అయిదు శాస్త్ర పరికరముల బరువు మొత్తము 15 కిలోలు. వాటిలో రంగుల ఫొటోలు తీయు కెమెరా యొకటి. ఈ ప్రయత్నమునకు సుమారు 450 కోట్ల రూపాయలు వ్యయమైనది.

నౌక డిసెంబరు 1వ తేదీన భూమిని విడిచి, సుమారు 300 దినములు ప్రయాణము చేసి, 2014 సెప్టెంబరు 24వ తేదీన అంగారకుని కక్ష్యలో ప్రవేశించెను. మొదటి ప్రయత్నముననే ఆ గ్రహమును చేరుట మన దేశమునకు దక్కిన గౌరవము. కక్ష్య మిక్కిలి సాగినట్టిది. నౌక ఒక కొసన అంగారకునికి సుమారు 420 కిలోమీటర్ల దగ్గరకు వచ్చును. మరియొక కొసన సుమారు 77,000 కిలోమీటర్ల దూరమునకు పోవును. ఒక ప్రదక్షిణమునకు మూడు దినములు పట్టును. బెంగుళూరునుండి పంపిన ఆజ్ఞ కాంతివేగముతో పోయినను నౌకను చేరుటకు సుమారు 12 నిమిషములు పట్టుచుండెను. అనగా ఆపద కనబడిన తరువాత హెచ్చరించుటకు వీలులేదు. చేయవలసినదంతయు ముందుగనే లెక్కించి చేయవలెను.

అంగారకుని చాటున

మన నౌక ఇంకను భూమిపైననే యున్న కాలమున, 2013 జనవరి 3వ తేదీన ఆస్ట్రేలియాలోని సైడింగు స్ప్రింగు వేధశాలలో రాబర్టు మెక్‌నాటు అను శాస్త్రజ్ఞుడు ఒక తోకచుక్కను కనుగొనెను. దానికి ఆ వేధశాల పేరే పెట్టిరి. అది సౌరమండలపు పొలిమేరలలోని మంచుగడ్డల సమూహమునుండి లక్షల ఏండ్లు ప్రయాణము చేసి వచ్చుచున్నది. తొలి లెక్కలలో అది అంగారకుని ఢీకొనవచ్చునను స్వల్పమైన శంకయు కలిగెను. పరిశీలనలు పెరిగిన కొలది లెక్కలు సరియై, ఢీకొనదని, సుమారు 1,40,000 కిలోమీటర్ల దూరమున దాటిపోవునని తేలెను. మనకును చంద్రునికిని గల దూరములో ఇది మూడవ వంతుకన్న కొంచెము ఎక్కువ మాత్రమే.

గడ్డ తాకదు, మరి అపాయమేమి? అపాయము ధూళిలో నున్నది. తోకచుక్క సెకనునకు 56 కిలోమీటర్ల వేగముతో అంగారకుని దాటనున్నది. ఒక్క సెకనులో శంషాబాదునుండి బయలుదేరి షాద్‌నగరమును దాటి జడ్చర్ల దరిదాపులకు చేరినంత వేగమది. ఆ వేగమున వచ్చు అర మిల్లీమీటరు ధూళికణము కూడ నౌకను చెడగొట్టగలదు. ఇసుక రేణువంత కణమునకు నౌకయొక్క పరికరము గాని, ఇంధనపు గొట్టము గాని బలియైనచో, అంత దూరము పోయి బాగుచేయువారు లేరు.

వడగండ్లవాన వచ్చు సూచన తెలిసిన గొఱ్ఱెల కాపరి ఏమి చేయును? వాన కురియు దిక్కును చూచి మందను గుట్ట చాటునకు తోలుకొని పోవును. మన శాస్త్రజ్ఞులును అదే చేసిరి. వారికి దొరికిన గుట్ట అంగారక గ్రహమే. ధూళి వచ్చు వేళకు నౌక గ్రహమునకు అవతలి వైపున నుండవలెను. ఇందుకు నౌకను ఒక్కసారిగ పట్టి లాగవలసిన పని లేదు. పండ్రెండు దినములు ముందుగ దాని నడకను కొంచెము మార్చినచో, ఆ కొంచెమే దినదినము కూడుకొని నౌక అనుకొన్న వేళకు అనుకొన్న చోటికి చేరును. 2014 అక్టోబరు 7వ తేదీన ఆ మార్పు చేసిరి. నౌకలో అప్పటికి మిగిలినది సుమారు 40 కిలోల ఇంధనము, అందులో 1.9 కిలోలు ఇందుకు ఖర్చయినది.

ఇచ్చట ఒక సంగతిని గమనింపుడు. అంతరిక్షమున ఇంధనమే నౌకకు ఆయుష్షు. దానిని వృథా చేసినచో నౌక ముందుగనే మూగవోవును. పొదుపు పేరిట ఖర్చు చేయకున్నచో ఒక్క రేణువుతో అంతయు పోవచ్చును. ఎంత ఖర్చు, ఎప్పుడు ఖర్చు - ఈ రెండును సరిగ నిర్ణయించుటలోనే వారి ప్రజ్ఞ యున్నది. గ్రామనిధిని కాపాడు మీకు ఈ చిక్కు తెలియనిది కాదు. వర్షములకు ముందు కట్టకు వేయు నాలుగు బండ్ల మట్టి, కట్ట తెగిన తరువాత నలుబది బండ్లైనను చాలదు.

అమెరికావారికి అంగారకుని చుట్టును అప్పుడు మూడు నౌకలు ఉండెను. వాటిలో మావెన్ అనునది మన నౌకకన్న రెండు మూడు దినములు మాత్రమే ముందుగ చేరినది. వారును తమ నౌకలను గ్రహము చాటునకు వచ్చునట్లు సర్దుకొనిరి. ఐరోపావారి నౌకయు జాగ్రత్త పడినది. దేశములు వేరైనను లెక్క ఒక్కటే.

ఫొటోలు చెప్పిన సంగతులు

దాగుటయే పని యైనచో కథ ఇంతటితో ముగిసియుండును. కాని లక్షల ఏండ్లకు ఒకసారి ఇంత దగ్గరకు వచ్చిన అతిథిని చూడక పంపుటకు శాస్త్రజ్ఞులకు మనసొప్పలేదు. లెక్కలలో వారికి ఒక వెసులుబాటు దొరికెను. తోకచుక్క అతి దగ్గరగ వచ్చునది మన కాలమానము ప్రకారము అక్టోబరు 19వ తేదీ రాత్రి 11 గంటల 57 నిమిషములకు. ధూళి దట్టముగ తగులునది ఆ తరువాత సుమారు 90 నిమిషములకు. అదియు ఇరువది నిమిషముల సేపు మాత్రమే. కావున ముందు కెమెరాలు తెరచి చూడవచ్చును. తరువాత చాటునకు పోవచ్చును.

అంగారకుని చుట్టును 2006నుండి తిరుగుచున్న అమెరికా నౌకయొక్క పెద్ద కెమెరా ఆ రాత్రి తోకచుక్కను ఫొటో తీసెను. ఆ ఫొటోలో ఒక్కొక్క చుక్క సుమారు 138 మీటర్ల స్థలమునకు సమానము. భూమిపైనుండి చూచినవారు గడ్డ వెడల్పు ఒక కిలోమీటరు ఉండునని తలచిరి. ఫొటోలో అది రెండు మూడు చుక్కల మేరకు మాత్రమే కనబడినది. అనగా తలచిన దానిలో సగమైనను లేదు. ఒక చిన్న చెరువంత గడ్డ, తన చుట్టును వేల కిలోమీటర్ల మేఘమును కప్పుకొని, అంత పెద్దదిగ కనబడినదన్నమాట. సౌరమండలపు పొలిమేరలనుండి వచ్చిన తోకచుక్కను అంత స్పష్టముగ చిత్రించుట అదియే మొదటిసారి.

మావెన్ నౌక మరియొక విశేషమును కనిపెట్టినది. తోకచుక్క ధూళి అంగారకుని గాలిలో పడి కాలిపోగా, సోడియము, మెగ్నీషియము, ఇనుము మొదలగు లోహముల జాడలు ఆ గ్రహపు పై గాలిలో కనబడినవి. ఆ రాత్రి అంగారకునిపై నిలబడి చూచువారుండినచో గంటకు వేలకొలది ఉల్కలు రాలుట కనబడియుండునని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ ధూళి నిజముగనే అచ్చటికి చేరినదనుటకు ఇదియే సాక్ష్యము. నౌకలను చాటునకు జరుపుట వట్టి పిరికితనము కాదని ఇందువలన ఋజువైనది.

మన మంగళయానము క్షేమముగ నున్నదనియు, తోకచుక్క దాటిపోవుటను చూచినదనియు ఇస్రోవారు లోకమునకు తెలిపిరి. ఆరు నెలలు పనిచేసిన చాలునని పంపిన ఆ నౌక ఎనిమిదేండ్లపాటు అంగారకుని చుట్టును తిరిగి ఫొటోలు పంపెను. 2022 ఏప్రిలులో దానితో సంబంధము తెగిపోయెను. ఆ అక్టోబరులో దాని పని ముగిసినదని ఇస్రోవారు ప్రకటించిరి. ఆనాడు 1.9 కిలోల ఇంధనమును ఖర్చు చేయనిచో ఈ ఎనిమిదేండ్ల పని దక్కునను భరోసా లేకుండెడిది.

ఈ విధమైన సంఘటన మరల 2025లో జరిగినది. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన చిలీ దేశమందలి అట్లాసు దూరదర్శిని ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. అది మన సూర్యునికి చెందినది కాదు. మరియొక నక్షత్రపు పరిసరములనుండి వచ్చినది. అట్టివి మనకు తెలిసినంతవరకు అది మూడవది. అక్టోబరు 3వ తేదీన అది అంగారకునికి సుమారు 3 కోట్ల కిలోమీటర్ల దూరమున పోవుచుండగా, ఐరోపావారి నౌక దానిని ఫొటో తీసెను. అమెరికా నౌకయు చిత్రించెను. ఇంతలో అది పరలోకవాసుల వాహనమను పుకారు ఫోనులలో లోకమంతట వ్యాపించెను. ఫొటోలలో కనబడినది మాత్రము మంచు, ధూళి క్రమ్మిన తోకచుక్కయే. 1910లో మాత్రలమ్మిన పుకారునకును, దీనికిని వేషములో తప్ప భేదము లేదు.

పంచాయతీలు చేయదగిన పనులు

అంతరిక్షమున నేర్చిన ఈ పాఠమును ఊరిలో ఎట్లు వినియోగింపవలెను? ముందుగ తెలిసికొనుట, తెలిసినదానిని నమ్మి సకాలమున కదలుట - ఇంతియే ఆ పాఠము.

మొదటిది, వదంతుల విషయము. ఆకాశమును గూర్చిన భయంకర వార్త ఏదైన ఊరిలో పుట్టినపుడు ఆనాడే ఉన్నత పాఠశాలలోని సైన్సు ఉపాధ్యాయుని అడిగి నిజము తెలిసికొనుడు. తెలిసినదానిని పంచాయతీ నోటీసు పలకపై వ్రాయించి, మైకులోనో, టముకు వేయించియో చాటింపుడు. తోకచుక్క వచ్చినదని శాంతులకు చందాలు పోగుచేయుట గాని, ఊరిలో ఒక దిక్కులేని స్త్రీని అపశకునమని నిందించుట గాని జరుగకుండ చూచుట మీ ధర్మము. భయపడిన జనము మొదట కోపగించునది బలహీనులపైననే.

రెండవది, మన నెత్తిపై నిజముగ నుండు అపాయము. తోకచుక్కవలన మన ఊళ్ళలో ఎవరును చావలేదు. పిడుగుపాటువలన మాత్రము చేలలోను, చెట్ల క్రిందను ప్రాణములు పోవుచున్నవి. పిడుగు పడు అవకాశమును కొంత ముందుగ తెలుపుటకు పూనాలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు దామిని యను ఫోను సాధనమును సిద్ధపరచిరి. ప్రతి వార్డు సభ్యుడు దానిని తన ఫోనులో ఉంచుకొని, హెచ్చరిక వచ్చినంతనే చేలలోనివారిని గట్టి కప్పు గల ఇంటికి పిలిపించినచో, మంగళయానమును చాటునకు జరిపినవారు చేసిన పనియే మీరును చేసినవారగుదురు. ఇచ్చటికి అర్ధగంట ప్రయాణములో షాద్‌నగరమున ఇస్రోవారి కేంద్రము గలదు. భూమిని చిత్రించు ఉపగ్రహములనుండి సమాచారమును స్వీకరించు పెద్ద గిన్నెలవంటి యాంటెన్నాలు అచ్చట ఉన్నవి. వరదల పటములు, పంటల పటములు, చెరువుల పటములు అట్టి సమాచారమునుండియే తయారగును. భువన్ అను పేర ఆ పటములు ప్రజలకు అందుబాటులో నున్నవి. మీ ఊరి చెరువు శిఖము ఎంత తగ్గినదో అందు చూడవచ్చును.

మూడవది, వీధిదీపములు. బేగంపేట వేధశాల ఊరు మార్చిన సంగతి చెప్పితిమి. నగరమును, విమానాశ్రయమును పెరిగి, ఆ వెలుగు నేడు మీ ఊళ్ళవరకు వచ్చినది. వీధికి దీపము కావలెను. అందు సందేహము లేదు. కాని దీపము వెలిగింపవలసినది బాటను. పైన మూత యుండి కాంతి క్రిందికే పడు దీపములను కొనుడు. ఉన్నవాటిని క్రిందికి వంపించుడు. తక్కువ విద్యుత్తుతో బాట బాగుగ వెలుగును, ఆకాశమును మిగులును. పెండ్లిళ్ళలో, ఊరేగింపులలో ఆకాశమునకు లేజరు కాంతులు వేయుటను తప్పక వారింపుడు. దిగుచున్న విమానమును నడుపువాని కన్నులు మిరుమిట్లు గొన్నచో కలుగు ప్రమాదము చెప్పనలవి కాదు.

నాలుగవది, బాలబాలికల విషయము. చలికాలమున అమావాస్య రాత్రి ఒక గంటసేపు బడి ఆవరణలో పిల్లలను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, వీధిదీపములు ఆర్పించి, ఆకాశమును చూపింపుడు. దీనికి పంచాయతీకి ఒక్క పైసయు ఖర్చు లేదు. వీలైనపుడు నగరమున నౌబత్ పహాడుపై 1985నుండి గల బిర్లా నక్షత్రశాలకు పిల్లలను తీసికొని పోవుడు. హైదరాబాదులో వేధశాల ఉద్యోగి ఇంట పెరిగిన బాలుడు తోకచుక్కను కనుగొనినట్లు, మీ ఊరి బడిలోని బాలికయో బాలుడో రేపటి నౌకకు కెమెరా చేయవచ్చును. రేపటి తోకచుక్కకు తన పేరు పెట్టించుకొనవచ్చును.

2061లో హేలీ తోకచుక్క మరల వచ్చునని చెప్పితిమి. నేడు మీ ఊరి అంగన్‌వాడీలో ఆడుకొను బిడ్డలు నాటికి నడివయస్సువారగుదురు. ఆ రాత్రి వారు తలుపులు మూసికొని లోన దాగుకొందురా, లేక తమ బిడ్డలను చేయి పట్టుకొని చేనిగట్టుపైకి తీసికొని పోయి అదిగో చూడుడని చూపుదురా? ఇందుకు సమాధానము నేటి మన బడులలోను, నేటి మన పంచాయతీలలోను ఉన్నది.